పక్కచూపు

ఫ్రిజ్జు తలుపు మీద గళ్ల కాగితం అంటించి పోయింది
మా మేనకోడలు ఇంద్రాణి.
దినామూ పొద్దున్నే ఒక కన్ను మూసుకొని
నడిమి చుక్కను చూడమన్నాడు డాక్టరు.
చుక్క లేదు.
చుక్క ఉండాల్సిన చోట తడిసిన బూడిద.
దాని చుట్టూ గీతలు
నీవా ఏటి వరదకు వాలిన జమ్ములాగా.

ముప్పైనాలుగేండ్లు సర్వేయరు పని చేసినోణ్ణి.
గొలుసు లాగి, జెండా కర్రలు నాటి
ఎండలో గీతను నిక్కచ్చిగా నిలబెట్టినోణ్ణి.
నా ఇంట్లో, నా ఫ్రిజ్జు మీదనే
గీతలు నా మాట వినకుండా పోతా ఉంటే
మొదట నవ్వొచ్చింది.
తర్వాత మూడు దినాలు సంగటి గొంతు దిగలేదు.

"మదనపల్లెకు వచ్చెయ్ మామా" అంటుంది ఇంద్రాణి.
ఊ అనను, ఊహూ అనను.
గ్యాసుపొయ్యి మర మీద చింతగింజ అతికించుకున్నా,
గింజ గోడవైపు తిరిగితే సన్నసెగ.
బీపీ సీసాకు ఒక రబ్బరు బ్యాండు, షుగరు సీసాకు రెండు.
తెల్లన్నం స్టీలుతట్టలో మాయమైపోతా ఉంటే
సంతపేటలో నల్లతట్ట కొన్నా.
గ్లాసు నిండిందో లేదో వేలు చెబుతుంది.
ఫోను చదివి పెడుతుంది,
కరెంటు బిల్లైనా చావు కబురైనా ఒకటే గొంతుతో.

ఇంటి నించి బస్‌స్టాపుకు రెండొందల పన్నెండు అడుగులు.
ఒకప్పుడు నా అడుగు ముప్పై అంగుళాలు,
ఇప్పుడు ఇరవైయారు.
లెక్క సరిచేసుకున్నా.

ముఖాలే పోయినాయి.
పాలు పోసే షంషాద్ బీ ఎదురుగా నిలబడితే
కొంగుంది, క్యానుంది, గాజుల చప్పుడుంది,
మెడ మీద ఏమీ లేదు.
చూపును ఆమె చెవి దాటించి గుమ్మం మీద పెడితే
అప్పుడు ఓరగా వస్తుంది ముక్కుపుడక.
"ఏంది సార్, యాడో చూస్తా మాట్లాడతారు?"
చెప్పినా:
చెరువు అడ్డమొస్తే గొలుసును నీళ్లలో ఎయ్యరమ్మా,
గట్టున ఒక గీత పట్టుకొని పక్క నించి కొలుస్తారు.
ఆఫ్‌సెట్ అంటారు దాన్ని.
ఆమెకు ఏమర్థమైందో,
ఆ పొద్దు కొసరు ఎక్కువ పోసింది.

మొన్న ఒక పిల్లోడు వచ్చినాడు.
ఎడమ భుజం వంచి, మడమ ఈడ్చే నడక
చూపు అంచున తగిలింది.
"ఏకాంబరం మనవడివా?"
చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

యాదమరి కాడ, ఎనభైయారులో,
మామిడితోపుకు ఉత్తరం గట్టు.
పక్క చేను పెద్దమనిషి ఇంట్లో భోంచేసి
ఒక్క గీత వంచినా.
ఏకాంబరం నేలలోకి పదిహేడు లింకులు.
రాయి నాటించినా, సంతకం పెట్టినా.
రెండు కండ్లూ బాగున్నప్పుడు.

"రాయి యాడుందో తెలీడం లేదు సార్,
మీరు చెప్తారని అవ్వ పంపింది."
బండి మీద ఎక్కించుకుంటానన్నాడు.
వద్దన్నా.

ఎనిమిదింటి బస్సు. బోర్డు కండక్టరు నోట చదివించుకున్నా.
వందనోటు నిలువు మడత, ఐదొందలు అడ్డం మడత.
దిగినాక మామిడిపూత వాసనే దోవ.
బావి మెట్టు కాడ మొదలుపెట్టి
అడుగులు లెక్కపెట్టుకుంటా పోయినా,
పిల్లోడు ముందర కంప కొడతా ఉంటే.
నూటనలభై దాటినాక చెప్పుకు తగిలింది.
కూర్చొని తడిమినా.
పాచి, పాచి కింద బాణం గుర్తు.

"ఇది నేను నాటిందే. తప్పుగా నాటినా."

లేచి ఉత్తరానికి తిరిగి
నా ఇప్పటి అడుగుతో ఐదు, పైన ఒక బెత్తెడు.
చేతికర్ర గుచ్చినా.
"ఇదబ్బా, మీ తాత గట్టు."

వాడేమీ అనలేదు.
ముఖం చూద్దామని చూపు పక్కకు జరిపినా.
వాడూ అదే పక్కకు తిరిగినాడు.

కర్ర అక్కడే వదిలేసి వచ్చినా.
తిరుగు బస్సులో ఎవరో సీటిస్తామన్నారు, కూర్చోలేదు.

నల్ల స్కెచ్‌పెన్ను, లావుది, ఒకటి కొనాల.
మండలాఫీసుకు కాగితం నేనే రాయాల.
గీతలు వంకర పోతే పోనీ,
అంకెలు మాత్రం పెద్దవిగా.