ఉప్పు కొంచెం కొంచెంగా

బరంపురంలో మా ల్యాబుకి కిటికీ ఒకటే.
పొద్దు వాలితే గోపాలపూర్ గాలి అందులోంచి దూరి
నోట్‌బుక్కు పేజీలు తిరగేస్తుంది.

ఫ్లాస్కులో బంగారం ఉంది.
పచ్చగా ఉండదు. దానిమ్మ రసంలా ఎరుపు.
గింజ పదమూడు నానోమీటర్లు.
అంత చిన్నదయ్యాక బంగారానికి
తన రంగు తనకే గుర్తుండదు.

మొదటి నెల, ఆత్రంకొద్దీ, చిటికెడు ఉప్పు వేశాను.
రెప్పపాటులో ఎరుపు నీలమైంది,
ఆనక బూడిద, ఆనక అడుగున మడ్డి.
ఎడంగా తిరిగిన గింజలన్నీ
ఒక్కసారిగా మీద మీద పడి
ఇక విడిపోలేదు.

ఫోనులో చెబితే బైరాగి మావ నవ్వాడు,
సుర్లా మడుల్లో నలభై ఏళ్లు ఉప్పు లాగిన మనిషి.
"ఉప్పుని మనం సేస్తామేటే?
గట్టు కడతాం, నీళ్లు నిలబెడతాం.
అదే గల్లు కడతాది.
ఒకేపాలి ఎండబెట్టీకు.
మడి మారుస్తా, మడి మారుస్తా రా.
మరీ ఎండిపోతే సేదు దిగిపోతాది."

ఈసారి గింజగింజకీ డీఎన్‌ఏ పోగులు తొడిగాను,
గంధకం కొక్కెంతో.
సగం గింజల కొసన ఒక మాట,
మిగతా సగానికి దాని బదులు.
పోగులన్నీ ఋణావేశాలే,
ఎదురుపడితే కసురుకుంటాయి.
మధ్యలో కూచుని సర్దిచెప్పేది
మళ్లీ ఆ ఉప్పే.

గంటకో చుక్క. రాత్రంతా.
"ఘరకు జిబ నాహిఁ కి?" అన్నాడు వాచ్‌మన్ నిరంజన్.
ఇంకో చుక్క ఉంది భాయ్, అన్నాను తెలుగులోనే.

తెల్లారేసరికి ఊదా రంగు.
భువనేశ్వర్ పంపిన ఎక్స్‌రేలో వలయాలు కనబడ్డాయి:
ఎనిమిది మూలలా ఎనిమిది, నడుమ ఒకటి,
నేను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

రేపెప్పుడో ఇది
నీళ్లలో పాదరసం జాడ చెప్పే కాగితం కావాలి.
కాలేదింకా.

మే నెల, సీసా తీసుకుని సుర్లా వెళ్లాను.
మావ దాన్ని గట్టు మీద పెట్టి పలక అందుకున్నాడు.
మధ్యాహ్నం ఎండకి పోగులు సడలి
ఊదా పోయింది, ఎరుపు తిరిగొచ్చింది.
"పాడయిందేటే?"
లేదు మావా, చల్లబడనీ.

ఇద్దరం కూచున్నాం. పఖాళ తిన్నాం.
రంభ వైపు మబ్బు పట్టి, విడిపోయి,
గాలి తిరిగింది.
ఎరుపు అంచున ఊదా మొదలయ్యేసరికి
మావకి ఆశ్చర్యమేమీ లేదు.
"నీ మడి మంచిదే," అన్నాడు.
తర్వాత, మూత వైపు చూస్తూ,
"నాలిక్కి రాసి సూడొచ్చా?"