ఐదో గడి

మంగళవారం జెండా పాట అయినంక
మాలోతు కేస్లి మిర్చికి ధర కట్టిండ్రు.
ముప్పై ఒక్క బస్తాలు.
దడువాయి కాంటా పెట్టి చీటీ రాసిండు,
చాట కూలీలు రాలిన కాయ ఊడ్చుకున్నరు,
నేను తక్‌పట్టీ తీసి
హమాలీ కోసి, కమీషన్ కోసి
మిగిలింది ఆమె ఖాతాకు పంపిన.

గురువారం పొద్దుగాల
పోయిన పైసలు పోయినట్టే వాపసొచ్చినయి.
ఎనుమాముల మార్కెట్ల ఏ సరుకూ
ఇంత సప్పుడు లేకుంట వాపసు రాదు.

సేటు అద్దాల మీదికెంచి చూసిండు.
"నంబరు సరిగ కొట్టినవా, సదానందం?"

కొట్టిన.
ఖాతా నంబరు రెండుసార్లు, కోడు మూడుసార్లు
వేలు పెట్టి చూసుకుంట కొట్టిన.
పాల కవర్ల చుట్టి, రబ్బరు బ్యాండు ఏసి,
బ్యాండు తెగితే దారం గట్టి
ఎనిమిదేండ్లు దాసిన బుక్కు అది.
దాన్ల తప్పు లేదు.
బ్యాంకే మారింది.

ఇంకో బ్యాంకుల కలిసిందట.
నర్సంపేటల అదే మెట్లు, అదే జాలి తలుపు,
గొలుసుకు కట్టిన అదే రాయని పెన్ను.
బోర్డు ఒక్కటే కొత్తది.
పాత కోడు పట్టుకొని పోయిన పైసలు
ఖాళీ జేసిన ఇంటి తలుపు కొట్టి
మళ్లొచ్చినయి.

కేస్లి పదకొండు గంటల బస్సు దిగొచ్చింది.
బస్తాల మీద కూసోలే. నిలవడే అడిగింది:
"కాయ పోయె. పైస రాకపాయె.
ఈ రెండు దినాలు అవి ఎవలి కాడ ఉన్నట్టు?"

ఇరవై ఏండ్ల గుమాస్తాగిరిల
నన్ను ఎవలూ అడగని మాట.
ఫోనెత్తిన.

బ్యాంకుల సారు దొరకలే, వాచ్‌మన్ కొమురెల్లి దొరికిండు.
గోడకు అంటించిన కాయిదం కింద నిలబడి సదువుతున్నడు.
"రాసుకో సారూ. టి అంటే టేకు టి.
డి అంటే దడువాయి డి. జి అంటే గంప జి.
కె అంటే... జర ఆగు, ఎవలో చెత్రి అడ్డం పెట్టిండ్రు...
కె అంటే కందులు కె."
"తర్వాత?"
"ఓ."
"ఓ నా, సున్ననా?"
"రెండూ గుండ్రంగనే ఉన్నయి సారూ."

సున్న.
ముందటి నాలుగు అక్షరాలు బ్యాంకుయి,
ఆఖరి ఆరు బ్రాంచియి,
నడుమ ఐదో గడిల ఏ బ్యాంకుకైనా సున్ననే.
గట్టిగ చెప్పుకుంట రాసిన,
కొమురెల్లికి గాదు, నాకే.

కేస్లి ఇన్నది.
"ఆ సున్న ఏం పని జేస్తది?"
"ఏం జెయ్యది. ముందుముందు అక్కరకొస్తదని
జాగ ఖాళీ ఉంచిండ్రు."

నవ్వుతదనుకున్న. నవ్వలే.
"మేం గూడ తోటల ఒక సాలు ఇడుస్తం,
మందు కొట్టెటోడు నడువనీకి.
దాన్ల ఒక్క కాయ కాయది.
అది లేకుంటే తోటంత తొక్కుడే."

ముందుగాల ఒక్క రూపాయి పంపిన.
కరెంటు పోయింది, వచ్చింది.
చాయ్ వచ్చింది, సల్లారింది.
ఆమె కొంగుల ఫోను గుర్రుమన్నది.
"ఎంత?"
"రూపాయి."
"ముప్పై ఒక్క బస్తాలకా?"
"తొవ్వ చూసి రానీకి పోయిందది. ఇగ అన్ని పోతయి."

పోయినయి.
అంకె పైకి సదువుమన్నది. సదివిన.
మళ్ల సదువుమన్నది,
ఈసారి సేటుకు ఇనబడేటట్టు.

బుక్కుల పాత కోడు మీద గీత గీయబోతే
చెయ్యి పట్టుకున్నది.
"కొట్టెయ్యకు. పక్కకు రాయి.
ఎనిమిదేండ్లు దాని మీదనే వచ్చినయి గద."

పక్కకు రాసిన. జాగ సాలక
సున్న కొంచెం చిన్నగ వచ్చింది.
దారం గట్టుకొని బస్సుకు పోయింది.

బల్ల మీద బుక్కు పెట్టిన కాడ
నాలుగు మిర్చి గింజలు.
సేటు వేలితోని ఊడ్చి,
అటెన్క చాలాసేపు తుమ్మిండు.