ఫువైరిత్ గేటు కాడ

ఏప్రిల్ ఒకటో తారీకుకు
సముద్రానికి తాళం పడ్తది.
తాళంచెవి నా మెడల ఉంటది.

నవ్వకుండ్రి.
రెండు ఇనుప గుంజలు, నడుమ గొలుసు,
అరబ్బీల ఒక బోర్డు, దాని కింద తాబేలు బొమ్మ,
సదువు రాని నా అసొంటోని కోసం.
దాటాల్నంటే పోరగాడు గూడ దాటుతడు.
అయినా నాలుగు నెల్లు
ఈ ఇసుక మనిషిది గాదు.

మొదటేడు నాకు కడుపుల మండేది.
గుడ్ల మీద నీడకు వల కట్టిండ్రు,
నా కుర్చీకి కట్టలె.
మౌజా మేడం మోకాళ్ల మీద కూసోని
గూట్లెకు థర్మామీటర్ దింపి
"ఏడి ఎక్కువైతే అన్నీ ఆడపిల్లలే" అన్నది.
నాకు ముగ్గురు. నవ్విన.
ఎందుకో ఆమెకు తెల్వలె.

ఒక శుక్రవారం
సనయ్య క్యాంపుల కెల్లి తెల్ల బస్సొచ్చింది.
మనోళ్లే. రాజలింగు, మెట్‌పల్లి గంగనర్సు,
ఇద్దరు నేపాలోళ్లు,
డబ్బాలల్ల బగార, ఎర్ర కూలర్ల ఐసు.
వారానికి ఒక్క పొద్దు. అండ్ల సగం బస్సుకే పాయె.
"తియ్యరా బావా గొలుసు, కాళ్లు కడుక్కోని పోతం."

మాల్ల ఫ్యామిలీలకే అన్నరు.
పార్కుల ఫ్యామిలీలకే అన్నరు.
నీ ఫ్యామిలీ ఏదని అడగంది
సముద్రమొక్కటే ఉండె.
గిప్పుడు దానికి అడ్డం నేను.

తియ్యలె.
గంగనర్సు గొలుసు మీద చెయ్యేసి
కొద్దిసేపు నిలబడ్డడు.
"తాబేలు పాటి చెయ్యమా?"
నా తాన జవాబు లేదు.
రోడ్డు పక్కకు, నీడ లేని కాడ, డబ్బాలు ఇప్పుకున్నరు.
నాకొకటి పంపిండ్రు.
ఉప్పు తక్కువైందని ఫోన్ చేసి చెప్పిన.
తిట్టిండు. పాణం నిమ్మలమైంది.

పొద్దు గూకినంక లాండ్ క్రూజర్ దిగింది.
కాయితముంది. కాయితం మీద ముద్రుంది.
పది మంది, ఒక గంట.
లైట్లు ఆర్పాల్నని మాత్రం రాసి లేదు.
బంపర్ ముంగట నిలబడ్డ.
నాకొచ్చిన ఇంగ్లీషంత అక్కడనే ఖర్చయింది:
లైట్ ఆఫ్. బేబీ కమింగ్.
అద్దం దిగింది. నా జాకెట్ మీది నంబరు
ఎవరో పైకే సదివిండ్రు.
జర సేపటికి లైట్లు ఆరినయి.

ఆ సీకట్ల
ఇసుక ఉడికే అన్నం లెక్క కదిలింది.
ఒక మూతి. ఇంకో మూతి.
అగ్గిపెట్టె అంత పానాలు, తొంభై రెండు.
లెక్క రాసింది నేనే.
కొన్ని దచ్చినం దిక్కు మల్లినయి,
అటు రాస్ లఫాన్ గ్యాసు మంటలు మొగులును కాలుస్తుంటయి.
వెలుగును నీళ్లనుకుంటయట.
ఆ తప్పు నాకు కొత్త గాదు.
తువ్వాల ఇప్పి అడ్డం పట్టిన.
కారు దిగినోళ్లల్ల ఒక పిల్ల
అడగకముందే తన దుప్పట తీసి
రెండో కొస పట్టుకున్నది.

ఆగస్టుల గొలుసు తీస్తం.
తెల్లారేసరికి తీరమంత స్ట్రాలు, బొగ్గులు,
మావోళ్ల తంబాకు పొట్లాలు.
నేనే ఏరుత, ఎవరివేవో నాకెరికే.
స్టీలు గిలాసలు మాత్రం దొరుకయి.
ఒక్కటి మర్సిపోయినా
రాజలింగు మూడొద్దులు ఫోన్ చేస్తడు.