గాలికి టికెట్టు

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు.
సున్నాకి ముప్పై రెండు మెట్లు కింద ఉదయం.
ట్రాలీబస్సులో ఇరవై ఆరేళ్లు టికెట్లు చింపిన సెవ్జిద్
గుడారంలోంచి వంగి బయటికొచ్చి
కంచెకు కట్టిన అగ్గిపెట్టెంత డబ్బాను
చేతితొడుగుతో తుడుస్తుంది.

అంకె: నాలుగు వందల పద్దెనిమిది.

నగరం నడిబొడ్డున పెద్ద తెర మాత్రం
నూట పది దగ్గరే ఆగింది.
తెరకు ఊపిరితిత్తులు లేవు.
సెవ్జిద్‌కి రెండున్నాయి,
మనవరాలికి ఇంకా చిన్నవి రెండు.

వాళ్ల అమ్మమ్మకి సంతకం రాదు.
గుర్రమెక్కి వచ్చిన గుమాస్తా
గొర్రెల్ని లెక్కపెట్టుకుని పోయాడు.
అమ్మకి సంతకం వచ్చింది.
ఏ కాగితం ముందు పెడితే దాని మీద చేసింది.
చదవొద్దని ఎవరూ అనలేదు,
అనక్కర్లేకపోయింది.
సెవ్జిద్ ఇరవయ్యో ఏట
చౌకులో మంచులో నిలబడి అరిచింది.
ఏమని అరిచిందో ఇప్పుడు గుర్తు లేదు,
పక్కనున్న పిల్ల చిరుగు బూట్లు గుర్తు.

దీన్నే మేం గీతగా గీస్తాం,
ఎడమ నుంచి కుడికి పైపైకి పాకే గీత:
చదువులు, ఫోన్లు, ఓట్లు, ప్రశ్నలు.
గణాంక కార్యాలయం మూడో అంతస్తులో
వేడినీళ్ల గొట్టానికి వీపు ఆనించి
నేనే గీశాను.
అందులో సెవ్జిద్ ఎక్కడుందో వెతకలేదు.
పెన్సిల్ మొన కన్నా చిన్న మనిషి.

మొదట్లో అంకెను కాగితం మీద రాసి
తలుపుకి అతికించేది.
పక్కింటి గొంచిగ్ పగలబడి నవ్వాడు:
"బస్సు అయిపోయింది, ఇక గాలికి టికెట్టు కొడుతున్నావా?"
రెండో నెలలో తెమూలెన్ అనే కుర్రాడు
తనూ ఒక డబ్బా బిగించి
అంకెల్ని ఫోన్లలోకి వదిలాడు.
చలి విరిగేసరికి వాలు మీద నలభై ఒక్క డబ్బాలు,
ఒకటి గొంచిగ్ ఇంటి కంచెకే.

మా ఆఫీసులో ఫోన్లు మోగాయి.
డైరెక్టరు గొంతు సవరించుకుని
'అనధికారికం' అన్నాడు మూడుసార్లు.
నాలుగోసారి అనబోతే దగ్గొచ్చింది.

ఇంతవరకే అయితే ఇది గెలుపు కథ.

ఒక రాత్రి రెండింటికి
సెవ్జిద్ అంకె ఒక్కసారిగా ఏడు వందలు దాటింది.
గాలి లేదు, వాలంతా నిద్రలో ఉంది.
తల ఎత్తి చూస్తే
నల్లగా రేగుతున్నది తన పొగగొట్టమే,
అప్పుడే పొయ్యిలో వేసిన పార బొగ్గు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పు లేనిదే తెల్లవారదు.

డబ్బా తీగ పీకేయొచ్చు.
అడిగేవాడు లేడు.
పెద్ద తెర ఇన్నాళ్లూ చేసిందీ అదే.
వణికే వేళ్లతో అంకెను పంపించి
కింద ఒక ముక్క రాసింది:
"ఇందులో నా పొయ్యి కూడా ఉంది."

తర్వాతి వారం
వాలు మీద పన్నెండు మంది అదే ముక్క రాశారు.
గొంచిగ్ రాయలేదు,
గొట్టం మాత్రం శుభ్రం చేయించాడు.

ఆమెను చూడ్డానికి వెళ్లాను.
ఉప్పేసిన పాలటీ గిన్నె చేతికిచ్చి అడిగింది:
"మీ గీత ఎటు పోతోంది?"
"పైకి" అన్నాను, కాస్త గర్వంగానే.
"పొగ కూడా పైకే పోతుంది" అంది.

బయట అంకె మారింది.
నోటుపుస్తకంలో రాసుకుని
పాత అలవాటు కాబోలు,
కాగితం అంచు సర్రున చింపి
ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

ఎక్కడిదాకానో దాని మీద లేదు.