ఐసు ముట్టుకోవద్దన్నారు

ముప్పయ్యేళ్ళు ఐసులో చేతులు పెట్టి బతికినదాన్ని.
తెల్లారి మూడింటికి ఇసకపల్లి ఒడ్డున
గోనెపట్టా మీద గడ్డ పగలగొట్టి
కానాగంతలకీ చందువలకీ
బిడ్డలకి దుప్పటి కప్పినట్టు కప్పినదాన్ని.
మొన్న ఇంట్లో చెంబు ముట్టుకుంటే
కరెంటు కొట్టినట్టు కొట్టింది.
చెంబులో ఉండింది కుండనీళ్ళే.

నెల్లూరు ఆస్పత్రిలో నర్సమ్మ ముందే చెప్పింది:
ఈ మందు ఎక్కాక చల్లనిది ముట్టుకోవద్దు, తాగొద్దు,
గొంతు పట్టేసినట్టుంటే బెదరొద్దు,
ఊపిరి ఆడతానే ఉంటది.
నవ్వొచ్చింది.
చేపలమ్మేదానికి చెప్పే మాటేనా అది?

రోహిణి కార్తె.
పెన్నా వంతెన మీద బస్సు రేకు కాలిపోతా ఉంటే,
జనం నిమ్మసోడాలకి ఎగబడతా ఉంటే,
నాకు కాళ్ళకి మేజోళ్ళు, చేతులకి ఊలు తొడుగులు,
ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు.
పక్క సీటు పిల్లోడు వాళ్ళమ్మనడిగాడు,
"ఈ అవ్వకి చలికాలం ఇంకా అయిపోలేదా?"

నడుముకి కట్టిన సంచీలో సీసా.
అందులో మందు బూరలాగా ఉబ్బి
రెండు రోజులు చుక్కచుక్కా నాలోకి దిగతా ఉండాది.
దాంతోనే పడుకున్నా, దాంతోనే పొయ్యి రాజేశా.
పక్కకి తిరగాలన్నా
చంటిబిడ్డ ఉన్నంత జాగర్త.

ముందు కళ్ళే చెప్పాయి.
కన్ను చూసి సరుకు చెప్పేదాన్ని గదా,
నిగనిగలాడితే నేటిది, మబ్బేస్తే మొన్నటిది.
అద్దంలో నావి పసుపు ముద్దలు.
ఇట్టాంటి చేపని నేనయితే కొనను.
లోపల గొట్టం వేశాక తెలుపు తిరిగింది గానీ
ఆ దురద గోళ్ళకి ఇంకా గుర్తుండాది.

డాక్టరు కుర్రోడు కాయితం మీద గీశాడు,
పొట్ట వెనకాల ఆకు మాదిరి పడుకోనుంటదంట, క్లోమం.
ఎన్ని వేల కడుపులు చీల్చుంటాను!
కార్జం తెలుసు, చేదుకట్టు తెలుసు, జన తెలుసు,
ఇదెప్పుడూ కత్తికి తగల్లేదే అంటే
"చేపల్లో విడిగా కనపడదమ్మా,
కొవ్వులో కలిసిపోయి ఉంటది" అన్నాడు.
అట్టయితే రోజూ తీసి పారేస్తానే ఉన్నా,
పేరు తెలీకుండా.

అన్నం ఇనుమయింది.
చింతపండు పిసికినా, మామిడికాయ వేసినా
గాలం చప్పరించినట్టే.
మొదటి ముద్దకి దవడల్లో సూది దిగతది,
రెండో ముద్దకి ఉండదు, ఎందుకో.
ముద్దతో బాటు గొట్టం మాత్ర మింగాలి.
మరిచిపోతే దొడ్లో నూనె తేల్తది,
మూడు బకెట్లు పోసినా పోదు.
ఈ మాట ఎవరికి చెప్పుకుంటాం?
వెంగమ్మకి చెప్పా.
అల్లూరు సంతలో నీడ జాగా కోసం
పదకొండేళ్ళు నాతో మాటల్లేని వెంగమ్మకి.
"నువ్వు కక్కుర్తిగా కొవ్వు చేపలు తింటివి గదా,
అందుకే" అని తిట్టింది,
తిడతానే బకెట్టు అందుకుంది.

తూకం రాళ్ళు నా చేతిలో ఉండేవి ఒకప్పుడు.
ఇప్పుడు నన్నే ఎక్కిస్తా ఉండారు:
అరవై రెండు. యాభై ఆరు. నలభై తొమ్మిది.
నా జన్మలో ఏ బేరగాడికీ ఇంత తరుగు ఇవ్వలా.

నిన్నటితో వేట నిషేధం ముగిసింది.
బోట్లు ఒడ్డెక్కాయి, పాట మొదలయింది.
ఐదో మందు సోమవారం,
అందాకా నేనూ వస్తానని పోయి కూర్చున్నా.
రూపాయి బిళ్ళకీ రెండ్రూపాయల బిళ్ళకీ
వేళ్ళకి తేడా తెలీడం లా.
"చిల్లర నేను చూస్తాలే,
చేప నువ్వు చూడు" అంది వెంగమ్మ.
నేను కన్ను చూసి చెబ్తా ఉంటే
ఆమె మోచేతుల దాకా ఐసులో ముంచి తీస్తా ఉండాది.
చేతులు ఆమెవి.
తిమ్మిరి నా వేళ్ళల్లో.

గడ్డ కొడతా ఉంటే పెచ్చొకటి ఎగిరి
నా మేజోడు మీద పడింది.
ఎవరూ చూడలా.
కరిగిందాకా
నేనూ కాలు తియ్యలా.