పదివేల తేడా

మా ఆఫీసు టవర్ క్లాకు దగ్గర, మందుల షాపు పైన.
బోర్డు మీద సుంకులమ్మ ఎస్టేట్స్.
కింద నాయన రాయించిన పెద్ద వాక్యమొకటి ఉండేది.
అనంతపురం ఎండకు రంగు రాలి
ఇప్పుడు 'లాభం' ఒక్కటే చదవొస్తుంది.
వచ్చినోళ్లు నవ్వుతారు. మేం మళ్లీ రాయించలేదు.

నాయన గొలుసు మోసినోడు.
సర్వేయరు గొడుగు కింద ముందు నడిస్తే
వెనక ఇనుము ఈడ్చుకుంటా, ఎండలో,
నార్పల నించి రాప్తాడు దాకా
ఎవరి చేను యాడ ఆగుతుందో
అరికాళ్లతో చదువుకున్నాడు.

మార్చి ముప్పై ఒకటి రాత్రి మాకు పండగ.
చాప మీద పుస్తకాలు, రశీదులు, బొరుగుల గిన్నె.
అన్న పెన్నోబులేసు కూడతాడు, నేను రాస్తాను.
జీతాలు పోగా మిగిలిందంతా ఊరికే.
పెద్దాసుపత్రి దగ్గర మధ్యాన్నం సంగటికి,
రక్తం కడిగించుకునేటోళ్ల బస్సు చార్జీలకు,
చెవులు వినపడని పిల్లల మిషన్లకు బ్యాటరీలకు.
ఆ బ్యాటరీలు ఎంత తొందరగా అయిపోతాయో
ఆ పిల్లల తల్లుల్నడగాల.
'మనకేం మిగిలింది మామా?' అంటుంది వదిన ప్రతేడూ.
'నిద్ర' అంటాడు నాయన.
ఆమె నమ్మదు. నేను నమ్మేదాన్ని.

రుద్రంపేట అవతలి వెంచరు కుళ్ళాయప్ప చేను.
మూడేండ్లు వాన లేదు,
నాలుగు బోర్లేస్తే నాలుగింట్లోనూ దుమ్మే లేసింది.
అడిగిన ధరకే ఇచ్చినాడు.
సంతకం పెట్టే ముందు
మొత్తం మీద ఇంకో పదివేలు తగ్గించమన్నది
నాయన కాదు, అన్న కాదు.
నేనే.
బేరం బాగా చేస్తానని ఇంట్లో నాకు పేరు.

అమ్మిన యేడే వాన కురిసింది.
యాభై ఏడో నెంబరు ప్లాటులో, తెల్లరాయి పక్కన,
ఏరకుండా వదిలేసిన చెనిక్కాయలు మొలిచినాయి.
కొన్న టీచరమ్మ ఫోన్ చేసింది,
కలుపు తీయించమని.
కూలి నూటాయాభై. అదీ ఖర్చులో రాసినా.

మొన్న సంగటి ముద్దలు నేనే పెడ్తున్నా.
వరసలో కుళ్ళాయప్ప.
భార్యను ఆడోళ్ల వార్డులో చేర్చినాడంట.
పళ్లెం చాపి, నన్ను గుర్తుపట్టి,
'నా చేనే గదమ్మా ఇంకా పెడ్తాండేది' అన్నాడు.
దెప్పినట్టు లేదు, మెచ్చినట్టూ లేదు.
ఇంకొంచెం ఊరిబిండి అడిగినాడు.
వెనకోడు తొందరపెడ్తే జరిగిపోయినాడు.

ఆ రాత్రి పుస్తకం తెరిచినా.
దానం అని రాయడానికి చెయ్యి రాలే.
బాకీ అంటే ఆడిటరు ఒప్పుకోడు.
నాయనకు చెప్పినా.
చానాసేపు పాదాలు రుద్దుకుంటా కూచుని,
'ఆ పదివేలు యాడుందో చూడు' అన్నాడు.

వెతికితే దొరికింది.
లాభంలో కలిసి, రాగిపిండిలో కలిసి,
పోయిన నెలలోనే పొయ్యెక్కింది.
కూడిక సరిగ్గానే ఉంది, పైసా తేడా లేదు.
అన్న రెండుసార్లు చూసినాడు.

తెల్లారి లేసి నార్పల బస్సెక్కినా,
రశీదు పుస్తకం లేకుండా.
ఆయన ఇల్లు యాడో నాకు తెలీదు.
చేను హద్దులు మాత్రం
నాలుగు దిక్కులా నోటికొచ్చు.