రాతిపువ్వు మీద

ఇడ్వల్ మేస్త్రీకి డెబ్బై ఒకటి.
సున్నం లేకుండా, సిమెంటు లేకుండా
రాయి మీద రాయి పేర్చి గోడ నిలబెడతాడు.
వేల్స్‌లో మా కొండవార ఊళ్లో
చాపెల్ చుట్టూ గోడ వాళ్ల తాత కట్టిందే.
దక్షిణం వైపు పొట్ట ఉబ్బింది,
విప్పి మళ్లీ కట్టమన్నారు.
సంచీ, సుత్తీ, ఫ్లాస్కూ మోసేది నేను.

ఆగస్టు. మొదటి పొద్దు.
ఒక రాయి మీద చెయ్యి వేయబోతే
"ఆగు, ఎలిరీ" అన్నాడు.
ఆగాను.
రాయి. రాయి మీద రాతిపువ్వు,
బూడిదా పచ్చా కలిసి
మాడిన గిన్నె అడుగులా.
"ఏమీ లేదు."
"అదే దాని బతుకుదెరువు."

గడ్డిపోచ ఒకటి తుంచి
ఆ మరక అంచున ఆనించాడు.
మరకలో ఒక మూల
అర అంగుళం పక్కకు నడిచింది.

గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
రెక్కలుంటాయని
ఎవరూ చెప్పలేదు.

చిటికెనవేలి గోరంత శలభం.
రెక్కల మీద రాతిపువ్వు బొమ్మ,
మెరక దగ్గర మెరక, నీడ దగ్గర నీడ,
ఏ రాతి దగ్గర నేర్చుకుందో.

టీ పోసుకుంటూ చెప్పాడు,
చదివింది కాదు, యాభై ఏళ్లు వంగి చూసింది:
పురుగుగా ఉన్నప్పుడు
నీలిబూడిద ఒళ్లు, పసుపు మరకలు.
రాతి నెర్రెలో పట్టుతో గుల్ల అల్లుకుని
పైన ఇంత రాతిపువ్వు పొడి అద్దుకుంటుంది.
ఎండలో గడప దాటదు.
వాన వెలిసిన తెల్లవారుజామున మేతకొస్తుంది.
రాతిపువ్వు ఎండితే అప్పడం,
తడిస్తే అన్నం.

"మన దగ్గర వానకేం కరువు" అన్నాను.
నవ్వలేదు.

చలికాలమంతా లోపలే.
గోడకు ఇవతల మంచు, అవతల ఆదివారం కీర్తనలు.
ఎండలు ముదిరాక రెక్కలతో వస్తుంది.
"ఇంత కష్టపడొచ్చి ఏం చేస్తుంది?"
"పగలంతా ఏమీ చెయ్యదు.
రెన్ పిట్ట పక్కనే వాలి
రాతికేసి ముక్కు తుడుచుకుపోతుంది.
ఇది మీసం కూడా కదపదు."

దీపంలో దూకి కాలిపోయే
ప్రేమికుల జాతి కాదిది.
వరండా బల్బు చుట్టూ రెండుసార్లు తిరిగి
తప్పు ఇంట్లోకి వచ్చినట్టు
గోడ వైపు వెళ్లిపోతుంది.

బుధవారం గ్వెన్‌లియన్ వచ్చింది,
చాపెల్ లెక్కలు చూసే ఆవిడ,
నీళ్లు చిమ్మే యంత్రం అద్దెకు తెచ్చింది.
నూటయాభయ్యో వార్షికోత్సవానికి
గోడంతా తెల్లగా మెరవాలట.
మేస్త్రీ వాదించలేదు. టోపీ సర్దుకున్నాడు.
సాయంత్రానికి గేటు స్తంభాలు రెండూ
తొక్క తీసిన బంగాళాదుంపల్లా ఉన్నాయి.

తెల్లారేసరికి ఎడమ స్తంభం మీద
అదే, లేదా దాని చుట్టం,
పెళ్లిపందిట్లోకి పనిబట్టలతో వచ్చినవాడిలా
అందరికీ కనబడుతూ కూర్చుంది.
రెన్ పిట్ట అప్పటికే కంచె మీద ఉంది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అంది గ్వెన్‌లియన్.
"ఎక్కణ్ణుంచీ రాలేదు" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఏమనుకుందో తెలీదు.
చేతిలో కరెంటు బిల్లుంటే దాని మీదికి ఎక్కించి,
బిల్లు వణక్కుండా రెండు చేతులా పట్టుకుని,
ఇంకా కడగని గోడ దాకా నడిచింది.
దింపింది. కళ్లద్దాలు తుడుచుకుంది.
మళ్లీ చూసింది.
"ఇప్పుడే కదా ఇక్కడ పెట్టాను!"

మధ్యాహ్నానికి యంత్రం వాపసు వెళ్లింది.
సగం రోజుకి పూర్తి అద్దె పట్టుకున్నాడని
వారం పాటు తిట్టుకుంది.

మేము గోడ విప్పాం, కట్టాం.
ప్రతి రాయికీ సుద్దముక్కతో గుర్తు,
ఏ ముఖం ఎండకు ఉండేదో ఆ ముఖం ఎండకే.
నెర్రెలు నెర్రెలుగానే వదిలాం.
పని రెండు వారాలు ఎక్కువైంది,
ఆ కూలి మేస్త్రీ అడగలేదు, నేనడిగాను.

ఫిబ్రవరిలో, వాన ఆగిన ఒక పొద్దున,
అటుగా పోతూ మోకాళ్ల మీద కూర్చున్నాను.
ఎవరూ కనబడలేదు.
ఒక నెర్రె పక్కన మాత్రం
రాతిపువ్వు అంచు
చిన్నపిల్లలు అప్పడం కొరికినట్టు
కొంచెం కొరికి ఉంది.
ప్యాంటు తడిసిపోయింది.